గాడి నాది, సంతకం ఆయనది: తెనాలిలో మా పాతింటి వైరింగ్ పని, నా రివ్యూ

ఇది షాపు రివ్యూ కాదు, కంపెనీ రివ్యూ కాదు. మా తెనాలిలో లైసెన్సున్న ఒక ఎలక్ట్రికల్ కాంట్రాక్టరు గారు మా ఇంటి వైరింగ్‌లో చాలా పని నా చేతే చేయించి, తను దగ్గరుండి చూసుకుని, అన్నీ సరిగ్గా ఉన్నాయని నమ్మకం కుదిరాకే టెస్ట్ రిపోర్టు మీద సంతకం పెట్టారు. ఆ సర్వీసు గురించి రాస్తున్నాను. ఇప్పటికే చేతి నిండా పని ఉంది, పేరూ నంబరూ పెట్టొద్దమ్మా అన్నారు కాబట్టి పెట్టడం లేదు. పని జరిగిన మూడు నెలలూ బాబాయ్ గారు అనే పిలిచాను, ఇక్కడా అలాగే రాస్తాను. మీ ఊళ్లో ఎవరితోనైనా ఇలాంటి ఏర్పాటు చేసుకోవాలనుకుంటే ఏం అడగాలో, దేనికి డబ్బివ్వాలో తెలుస్తుందని కాస్త వివరంగానే రాస్తున్నా.

ఇల్లు 1986లో నాన్న కట్టించింది. కింద రెండు గదులు, హాలు, వంటిల్లు. తర్వాతెప్పుడో పైన ఒక గది, బాత్‌రూము వేశారు. అప్పట్లో అందరిళ్లలో ఉన్నట్టే గోడల మీద చెక్క రీపర్లు కొట్టి, వాటి మీద క్లిప్పులతో వైరు లాగి, గుండ్రటి చెక్క దిమ్మల మీద నల్ల స్విచ్చులు బిగించారు. వైరు అల్యూమినియం. ఇన్నేళ్లకు దాని తొడుగు గట్టిపడిపోయి, కొంచెం వంచితే పెళుసుగా విరిగి రాలుతోంది. కంటి ముందే ఉన్నా మేమెవరం పట్టించుకోలేదు. పోయినేడాది ఒకరోజు అమ్మ మాటల్లో, "వాషింగ్ మెషిన్ ముట్టుకుంటే జిల్లుమంటుందే, చెప్పులేసుకుంటే ఏం కాదు" అంది. ఎన్నాళ్ల నుంచి అంటే, కొన్నప్పటి నుంచీ అట. అంటే రెండేళ్లు. రెండేళ్లుగా తడి చేతులతో ఆ మెషిన్ మూత తీస్తూ, అది మామూలే అనుకుని చెప్పులేసుకుంటోంది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

మెయిన్ ఆపేసి సాకెట్టు విప్పి చూస్తే, పైన ఉండే పెద్ద కన్నం వెనక వైరే లేదు. మూడు పిన్నుల సాకెట్టు పెట్టారు గానీ ఎర్తు రాలేదు, ఎందుకంటే ఇంటికి ఎర్తే లేదు. ఇప్పటి మెషిన్ల సర్క్యూట్లలో ఉండే ఫిల్టర్ల నుంచి కొద్దిపాటి కరెంటు బాడీకి వస్తుంది, ఎర్తు ఉంటే అటు పోతుంది, లేకపోతే ముట్టుకున్న మనిషి గుండా పోతుంది. ఆ జిల్లుమనడం అదే. అది చిన్నది, దానితో ప్రాణం పోదు. కానీ రేపు మెషిన్ లోపల వైరు తొడుగు ఊడి బాడీకి తగిలితే అప్పుడు వచ్చేది చిన్న కరెంటు కాదు, ఆపేవాళ్లూ లేరు. ఫ్యూజు ఆపుతుందిలే అనుకుని కటౌట్ పీకి చూస్తే, అందులో ఫ్యూజు తీగ బదులు ఎవరో ఎప్పుడో లావుపాటి రాగి తీగ మెలిపెట్టి వదిలారు.

ముగ్గురిని పిలిచాను. ఒకాయన గుమ్మంలో నిలబడే పాయింటుకింత అని లెక్క చెప్పారు, లోపలికి కూడా రాలేదు. ఇంకొకాయన, "ఎర్తు గుంతలవీ ఎందుకండీ, సాకెట్లో ఎర్తు పిన్నుకీ న్యూట్రల్‌కీ చిన్న లింకు కొడితే చాలు, జిల్లుమనదు" అన్నారు. ఇది చదివే వాళ్లెవరైనా ఈ మాట వింటే దయచేసి ఆ మనిషిని ఇంట్లో పనికి పెట్టకండి. ఆ లింకు కొట్టాక ఎక్కడో ఒకచోట న్యూట్రల్ వైరు, అంటే కరెంటు తిరిగెళ్లేది, ఊడిందంటే, మెషిన్ బాడీ మొత్తం కరెంటొచ్చే ఫేజు అయి కూర్చుంటుంది. జిల్లుమనడం ఆగుతుంది, అంతకు వంద రెట్లు ప్రమాదం గోడలో దాగి ఉంటుంది. మూడో ఆయనే బాబాయ్ గారు. వచ్చి, కుర్చీ తెమ్మని, కటౌట్ల ముందు కూర్చుని ఓ పదిహేను నిమిషాలు ఏమీ మాట్లాడకుండా చూశారు.

లేబరు మొత్తం తనే చేస్తే 58,000 అన్నారు, సామాను మాది. నేను అడిగింది వేరు. గోడలు నేను కొడతాను, పైపులు నేను వేస్తాను, నేర్పిస్తే వైరు కూడా లాగుతాను, మీరు చూసి తప్పులు చెప్పండి, దానికి ఎంత తీసుకుంటారు అని. డబ్బు మిగలాలనీ ఉంది, కాదనను. కానీ అంతకన్నా, ఈ ఇంట్లో ఏ గోడలో ఏముందో ఈసారి ఇంట్లో ఒకరికైనా తెలిసి ఉండాలన్న పట్టుదల ఎక్కువ. నాన్నకు తెలిసుండేది, ఆయన లేరు.

ఆయన వెంటనే ఒప్పుకోలేదు. ముందు రూలు చెప్పారు. బల్బు, ఫ్యాన్, స్విచ్చు, ఫ్యూజు లాంటివి, లైను కెపాసిటీ మారకుండా మార్చుకోవడం వరకే ఇంటివాళ్లు చేసుకోవచ్చు. కొత్తగా లైను వేయడం, మార్చడం, పెంచడం ఏదైనా లైసెన్సున్న కాంట్రాక్టరు చేయాలి, సర్టిఫికెట్ ఉన్న సూపర్‌వైజరు చూస్తుండాలి, వైరు ముట్టుకునే మనిషికి పర్మిట్ ఉండాలి. కాబట్టి పని ఆయన లైసెన్సు మీదే నడవాలి, బాధ్యత ఆయనదే. "నువ్వు గోడ కొట్టుకో, పైపు వేసుకో, బాక్సులు పెట్టుకో. వైరు దగ్గరకొచ్చేసరికి మా పర్మిట్ వైర్‌మన్ పక్కనుంటేనే. మీటరు వైపు, డీబీ అంటే కరెంటు పంచే పెట్టె లోపల, ఎర్తు, ఈ మూడూ నీ చెయ్యి పడకూడదు. నేను చూడకుండా ఒక్క గాడి కూడా మూయకూడదు. దీనికి సరేనంటే చేద్దాం, లేదంటే వద్దమ్మా." అంతా ఒక్క గుక్కలో చెప్పారు. నాకు నచ్చింది ఇదే. ఎక్కడ వరకు నేను, ఎక్కడి నుంచి తను అన్నది మొదటి రోజే తేలిపోయింది. పది సార్లు వచ్చి చూడటానికి 18,000, వైర్‌మన్ వచ్చిన రోజుకు 900.

మొదటిసారి వచ్చినప్పుడు గోడ వైపు చూడనే లేదు, ఒక నోటుబుక్కు తెమ్మని ఇంట్లో ఉన్న ప్రతి వస్తువూ, రాబోయే అయిదేళ్లలో కొనేదీ, వాట్లతో సహా రాయించారు. నాకు విసుగొచ్చింది అప్పుడు. తర్వాత అర్థమైంది, మిగతా పనంతా ఆ రెండు పేజీల మీదే నిలబడింది. గీజరు 2000 వాట్లు, 230తో భాగిస్తే దాదాపు 9 ఆంపియర్లు. దాన్నీ, వాషింగ్ మెషిన్‌నూ, మిక్సీనీ ఒకే వైరు మీద వేస్తే ఏమవుతుందో నాతోనే లెక్క కట్టించారు. చివరికి తేల్చింది ఇది: లైట్లు, ఫ్యాన్లు 1.5 స్క్వేర్ ఎంఎం వైరు మీద, ఒక సర్క్యూట్‌కు 10 పాయింట్లు మించకుండా. పవర్ సాకెట్లు 2.5 మీద, ఒక్కో సర్క్యూట్‌కు రెండే; గీజరు, ఏసీ దేనికది విడిగా 4 వైరు. "ఎంసీబీ అంటే లోడెక్కువైతే పడిపోయే స్విచ్చు, అది ఉన్నది నీ ఫ్రిజ్‌ని కాపాడటానికి కాదు, గోడలో ఉన్న వైరు కాలిపోకుండా ఆపటానికి" అని ఆయన చెప్పిన రోజు నాకు చాలా ఏళ్ల అపోహ పోయింది. మాటిమాటికీ పడిపోతోందని 16 ఆంపియర్లది తీసి 32ది పెట్టించుకునే వాళ్లను ఎంతమందిని చూశానో.

సామాను ఎక్కడ కొనాలో చెప్పలేదు, ఏం చూడాలో చెప్పారు. ఇది నేను ప్రత్యేకంగా రాయాలి, ఎందుకంటే షాపుల దగ్గర కమీషన్ తీసుకునే పద్ధతి ఈ పనుల్లో మామూలు. పాలీక్యాబో, ఫినోలెక్సో, హావెల్సో నీ ఇష్టం, వైరు మీద ఐఎస్ 694 అని, సైజు, ఐఎస్ఐ గుర్తు ముద్ర ఉండాలి, 90 మీటర్ల కాయిల్ సీలు ఊడకూడదు అన్నారు. పీవీసీ పైపులైతే షాపులోనే కింద పెట్టి కాలేసి నిలబడమన్నారు, సొట్ట పడితే వదిలేసి రమ్మన్నారు. నిలబడ్డాను. మొదట చూపించిన పైపు సొట్ట పడి అణిగిపోయింది. షాపాయన ఏమీ అనకుండా లోపలి నుంచి వేరే కట్ట తెచ్చారు.

ఇక గాడి కొట్టడం. ఇంత కష్టమని ఎవరైనా ముందే చెప్పుంటే బాగుండేది కాబట్టి నేను చెబుతున్నా. కటింగ్ మెషిన్ రోజుకు 400 చొప్పున మూడు రోజులు అద్దెకు తెచ్చాను. రెండు సమాంతర గీతలు కోసి, మధ్యలో ఇటుకను సుత్తీ ఉలీతో రాల్చాలి. గది తలుపులు మూసి, మాస్కు, కళ్లద్దాలు పెట్టుకున్నా ఆ ఎర్ర దుమ్ము వారం రోజుల పాటు అన్నం గిన్నెల మీద కనపడింది. మెషిన్ పట్టుకున్న చేతులు రాత్రి పడుకున్నాక కూడా అదురుతున్నట్టే ఉండేవి. మోటుగా కనపడుతుంది గానీ ఇందులోనూ లెక్కలున్నాయి. పైపు పెట్టాక దాని మీద ప్లాస్టరింగ్ నిలవాలంటే పైపు గోడ మట్టానికి బాగా లోపలికి దిగాలి. మరీ లోతుకు పోతే నాలుగున్నర అంగుళాల గోడ సగం పోతుంది. బీముల్లో, పిల్లర్లలో అస్సలు కొట్టకూడదు.

రెండో విజిట్‌లో ఆయన చూసి ఒక గాడి పనికిరాదని కొట్టేశారు. హాల్లో స్విచ్చుబోర్డు నుంచి టీవీ దగ్గరికి నేను గోడ మీద ఏటవాలుగా గాడి తీశాను, దగ్గర దారి కదా, పైపు కూడా కలిసొస్తుంది అని. "రేపు మీ అమ్మ ఇక్కడ ఫొటో పెట్టుకోవాలని మేకు కొడితే?" అన్నారు, అంతే. పైపులు ఎప్పుడూ నిలువుగా, బోర్డుకు సరిగ్గా పైనో కిందో రావాలి, అప్పుడే పదేళ్ల తర్వాత వచ్చిన కొత్తవాడికి కూడా బోర్డు చూడగానే ఎక్కడ మేకు కొట్టకూడదో తెలుస్తుంది. ఒక ఆదివారమంతా పోయింది, ఆ గాడి పూడ్చి కొత్తది కొట్టడానికి. బాధేసింది, కానీ ఇలా కొట్టేయడానికే కదా డబ్బిస్తున్నాను అనిపించింది. అదే రోజు ఇంకో మంచి మాట చెప్పారు. మూసే ముందు ప్రతి గోడకూ టేపు ఆనించి, నేల నుంచి ఎంత ఎత్తు, మూల నుంచి ఎంత దూరం కనపడేలా ఫొటో తీసి పెట్టుకోమని. నా ఫోన్లో ఇప్పుడు 140 ఫొటోలున్నాయి, గది పేర్లతో. మొత్తం పనిలో నాకు బాగా ఇష్టమైన వస్తువు ఏదంటే ఆ ఫోల్డరే.

పైపులు, బాక్సుల గురించి పెద్దగా చెప్పేదేం లేదు. వంపుల దగ్గర పైపును వేడి చేసి వంచకుండా బెండ్లు వాడాలి, జాయింటు ప్రతిచోటా సొల్యూషన్ పూయాలి, ఇనుప బాక్సులు వాటర్ లెవెల్‌తో మట్టం చూసి పెట్టాలి, ప్లాస్టరింగ్ మేస్త్రి వచ్చేముందు ఖాళీ పైపుల నోళ్లలో గుడ్డలు కుక్కాలి. గాడుల మీద చికెన్ మెష్ (సన్న ఇనుప వల) కొట్టి ప్లాస్టర్ చేయించాం, ఇప్పటిదాకా ఒక్క బీట కూడా రాలేదు.

వైరు లాగే వారం గురించి మాత్రం చెప్పాలి. ఇంట్లో ఉంటూనే చేశాం కాబట్టి గది తర్వాత గది. వైర్‌మన్ రాగానే మెయిన్ ఆపి, కటౌట్లు పీకి జేబులో వేసుకునేవాడు. సాయంత్రం వెళ్లేటప్పుడే తిరిగి పెట్టేవాడు. ఎవరూ పొరపాటున కూడా ఆన్ చేయలేరు. ఇది బాబాయ్ గారి రూలట. స్క్రూడ్రైవర్ టెస్టరును ఆయన నమ్మరు. బల్బుతో చేసిన టెస్ట్ ల్యాంపును ముందు కరెంటు ఉన్నచోట పెట్టి వెలుగుతోందని చూసి, తర్వాత మనం పని చేసే చోట పెట్టి, మళ్లీ వెనక్కి వెళ్లి కరెంటు ఉన్నచోట చూడాలి. ఎందుకంటే మధ్యలో బల్బే పోయి ఉండొచ్చు. మూడు సార్లు. ఒక్కసారి కూడా మానలేదు వాళ్లు.

ముందు పైపులోకి స్ప్రింగు తీగ దూర్చి, దాని కొనకు వైర్లు కట్టి, ఒకరు తోస్తుంటే ఒకరు లాగడం. ఎర్ర, పసుపు, నీలం ఫేజులకు, నలుపు న్యూట్రల్‌కు, ఆకుపచ్చది ఎర్తుకు మాత్రమే. ఆకుపచ్చ వైరు అయిపోయింది కదా అని నలుపుతో ఎర్తు లాగబోతే వైర్‌మన్ చేయి పట్టుకున్నంత పని చేశాడు, షాపు మూసేశారని ఆ రోజు పనే ఆపేశాం. వైరు బిగుసుకుంటే టాల్కం పౌడరు, సబ్బు నీళ్లు కాదు. పైపు మధ్యలో జాయింటు ఎట్టి పరిస్థితుల్లోనూ ఉండకూడదు, జాయింట్లన్నీ తర్వాత విప్పి చూసుకోగలిగే బాక్సుల్లోనే. స్విచ్చులకు బిగించేటప్పుడు తొడుగు తీస్తుంటే లోపలి పోగులు ఒక్కటి కూడా తెగకూడదు, కొస రెండు మడతలేసి స్క్రూ బిగించాలి, బిగించాక ప్రతి వైరునూ పట్టి గుంజి చూడాలి. లూజు కనెక్షన్ వేడెక్కుతుంది, ఇళ్లలో స్విచ్చుబోర్డులు మాడిపోవడానికి చాలాసార్లు అదే కారణం. నేను బిగించిన వాటిలో బాబాయ్ గారు గుంజి చూస్తే మొదటి రోజు మూడు ఊడొచ్చాయి. చివరి రోజు ఒక్కటీ రాలేదు.

ఇప్పుడు ఆయన ఫీజు మొత్తం ఒక్క పూటలో వసూలైపోయిన సంగతి. అన్నీ బిగించాక, కరెంటు ఇవ్వకముందు మెగ్గర్ తెచ్చారు. అది 500 వోల్టులు పంపి వైరు తొడుగు ఎంత బాగుందో కొలుస్తుంది, కనీసం ఒక మెగా ఓమ్ అయినా రావాలి. కొత్త వైరు కాబట్టి అన్ని సర్క్యూట్లూ అంతకు చాలా ఎక్కువే చూపించాయి, పై బాత్‌రూము గీజరు లైను తప్ప. దానికి 0.2 వచ్చింది. గోడ తడి ఇంకా ఆరలేదేమో అన్నాను నేను, ఆశగా. ఆయన వైరు బయటికి లాగించారు. ఇనుప బాక్సు కన్నం దగ్గర రబ్బరు బుష్ వేయడం మరిచిపోయాను నేను, లాగేటప్పుడు ఆ రేకు అంచుకు గీసుకుని ఓ అంగుళం మేర తొడుగు చీరుకుపోయి రాగి మెరుస్తోంది. బయటి నుంచి చూస్తే స్విచ్చు, ప్లేటు, అంతా చక్కగా ఉంది. కరెంటిస్తే గీజరు వేడెక్కేది కూడా. నీళ్లుండే గదిలో, గోడ లోపల. ఆ వైరు ముక్క నేను దాచుకున్నాను. వీళ్లూ వాళ్లూ యూట్యూబ్ చూసి సొంతంగా వైరింగ్ చేసేస్తామంటే ముందు ఆ ముక్క చూపిస్తున్నాను.

తర్వాత నేరుగా ఆన్ చేయలేదు. 100 వాట్ల పాత బల్బును సిరీస్‌లో పెట్టి ఒక్కో సర్క్యూట్‌కు దాని గుండానే కరెంటు ఇచ్చారు. లోపల ఎక్కడైనా షార్ట్ ఉంటే ఆ బల్బు నిండుగా వెలిగి ఊరుకుంటుంది, మంటలు రావు. ఒక్కటీ వెలగలేదు. అమ్మ దేవుడికి దణ్ణం పెట్టుకుంది.

అయినా ఒక తప్పు తప్పించుకుంది, అది మూడు రోజుల తర్వాత బయటపడింది. కింద లైన్లకొకటి, పై లైన్లకొకటి కరెంటు లీకైతే పడిపోయే స్విచ్చులు, రెండు ఆర్‌సీసీబీలు పెట్టాం, రెండూ 30 మిల్లీ ఆంపియర్లవి. మెట్ల లైటు బల్బు అప్పుడు తెచ్చి పెట్టాం, స్విచ్చు వేయగానే ఠక్కున కరెంటు పోయింది. తీసి, మళ్లీ పెట్టి, మళ్లీ వేస్తే మళ్లీ పోయింది. మిగతా ఇంట్లో ఏం వేసినా ఏమీ కాదు, ఆ ఒక్క లైటే. ఫోన్లో చెబితే ఆయన ఒకటే అడిగారు, "మెట్ల లైటు న్యూట్రల్ ఎక్కడి నుంచి తీసుకున్నావ్?" ఫేజు కింద సర్క్యూట్ నుంచి తెచ్చాం, న్యూట్రల్ మాత్రం పై బాక్సు దగ్గరగా ఉందని అక్కడ కలిపేశాను. వైర్‌మన్ పక్కనే ఉన్నాడు, ఇద్దరమూ గమనించలేదు, నల్ల వైర్లన్నీ ఒక్కలాగే ఉంటాయి కదా. ఆర్‌సీసీబీ చేసేదల్లా వెళ్లిన కరెంటూ తిరిగొచ్చిన కరెంటూ సమానమా కాదా అని చూడటమే. కింద నుంచి వెళ్లింది పైకి తిరిగొస్తోంది, రెండిటికీ లెక్క తప్పింది. 9 వాట్ల బల్బుకు 230తో భాగిస్తే 39 మిల్లీ ఆంపియర్లు, 30 దాటింది కాబట్టి పడిపోయింది. ఇంకో సంగతి చెప్పారు, అక్కడ 5 వాట్ల బల్బు పెట్టుంటే ఒక్కోసారి పడకపోయేది కూడా, అప్పుడు ఈ తప్పు ఏళ్ల తరబడి ఎవరికీ తెలిసేది కాదు. రేపు పైన పని చేయాలని పై మెయిన్ ఆపేసి ఎవరైనా ఆ న్యూట్రల్ విప్పితే, మెట్ల లైటు వేసి ఉంటే అతనికి షాకు కొట్టేది. అప్పటికి పది విజిట్లు అయిపోయాయి కాబట్టి ఈ పదకొండో దానికి 1,000 తీసుకున్నారు. తప్పు నాది, ఇచ్చాను.

ఎర్తు గుంత మొత్తం ఆయనే చేయించారు, నేను పక్కన నిలబడి చూశానంతే. జీఐ పైపు దించి చుట్టూ బొగ్గు, ఉప్పు వరసలు వరసలుగా వేశారు. మాది కాలవలున్న నల్లరేగడి నేల, తేమ బాగా పట్టి ఉంటుంది, కొలిస్తే 2.8 ఓమ్‌లు వచ్చింది. ఇసక నేలలో, రాతి నేలలో ఇంత తేలిగ్గా రాదట. పైపు పై నోరు సిమెంటు చేసి మూసేయకుండా చిన్న మూత పెట్టించారు, ఎండాకాలంలో నీళ్లు పోయడానికి.

ఇక బాగాలేనివి. వస్తానన్న టైముకు ఒక్కసారి కూడా రాలేదు. పదిన్నర అంటే పన్నెండు, ఒకసారి సాయంత్రం అయిదు. నేను సెలవు పెట్టి కూర్చున్న నాలుగు రోజుల్లో ఒకటి పూర్తిగా వృథా అయింది. ఫోన్ ఎత్తరు, తర్వాత చేస్తారు గానీ గాడి మూయాలా వద్దా అని మేస్త్రి ఎదురుగా నిలబడి అడుగుతుంటే ఆ తర్వాత అనేది ఎంత సేపో తెలియదు. ఏదీ కాగితం మీద రాయరు, అంతా నోటి మాటే, లోడు లెక్క తప్ప మిగతావన్నీ నేనే రాసుకున్నాను.

అన్నిటికన్నా పెద్ద ఫిర్యాదు ఇన్వర్టర్ లైను. మొదటి రోజు లిస్టులో ఇన్వర్టర్ కొంటామని రాశాను, ఆయనా చూశారు. కానీ హాలు నుంచి ఇన్వర్టర్ పెట్టే చోటికి విడిగా పైపు పోవాలని ప్లాస్టరింగ్ అయిపోయాక గుర్తొచ్చింది ఆయనకు. కొత్తగా ఆరిన గోడను మళ్లీ కొట్టాల్సి వచ్చింది, ఆ గోడకు రెండు సార్లు ప్లాస్టరు, మేస్త్రి కూలి అదనం. మూయకముందు చూడటం తన బాధ్యత అన్న మనిషి చూసి కూడా వదిలేసింది ఇది ఒక్కటే, అందుకే ఎక్కువ బాధేసింది. ఆ మాట ముఖం మీదే చెప్పాను. అవునమ్మా నాదే తప్పు అన్నారు, ఆ రోజు వైర్‌మన్ కూలి తీసుకోలేదు. మేస్త్రి ఖర్చు మాత్రం నేనే పెట్టుకున్నాను, అది ఆయన ఇచ్చి ఉండాల్సింది.

లెక్క చెబుతాను. ఫీజు 18,000, అదనపు విజిట్ 1,000, వైర్‌మన్ ఏడు రోజులకు 6,300, కటింగ్ మెషిన్ అద్దె 1,200. మేస్త్రి కూలి కాకుండా మొత్తం 26,500. ఆయనకే అంతా అప్పగిస్తే 58,000, అంటే 31,500 మిగిలింది. దానికి నేను పెట్టింది పదమూడు ఆదివారాలు, నాలుగు సెలవులు. ఆయన మనుషులైతే పన్నెండు రోజుల్లో చేసేసేవాళ్లు. ఇంట్లో చిన్నపిల్లలున్నా, ఖాళీ చేసి వేరే అద్దెకు ఉండి పని చేయించుకోవాల్సి వచ్చినా ఇది లాభసాటి కాదు, అద్దే తినేస్తుంది. చేత్తో పని చేయడం ఇష్టం లేకపోతే గాడి కొట్టడం మధ్యలోనే వదిలేస్తారు, అప్పుడు మిగిలిన పనికి వచ్చేవాళ్లు రెట్టింపు అడుగుతారు. కానీ ఓపికుండి, కాదన్నప్పుడు ఒప్పుకునే మనసుంటే, మీ ఊళ్లో లైసెన్సు చూపించగలిగిన మనిషి దొరికితే, తప్పకుండా చేయండి. లైసెన్సు చూపించమని అడగడానికి మొహమాటపడకండి. బాబాయ్ గారు అడగకముందే సంచిలోంచి తీసి చూపించారు.

అయిదుకు నాలుగు ఇస్తున్నాను. మెగ్గర్ రోజుకూ, ఏటవాలు గాడి వద్దన్న రోజుకూ అయిదు. టైముకూ, ఇన్వర్టర్ పైపుకూ కలిపి ఒకటి తగ్గించాను.

డీబీ మూత లోపల ఏ ఎంసీబీ ఏ గదిదో తెలుగులో రాసి అతికించాను, అమ్మ చదువుకునేలా పెద్దక్షరాలతో. ఆర్‌సీసీబీ మీదున్న టెస్ట్ బటన్ నెలకోసారి నొక్కి చూడటం అమ్మ పనే ఇప్పుడు, క్యాలెండర్‌లో ప్రతి ఒకటో తారీఖు మీద గుండ్రంగా గీత గీసుకుంది. ఎర్తు మాత్రం నేల బాగా ఎండిపోయే మే నెలలో మళ్లీ కొలుస్తానన్నారు బాబాయ్ గారు, దానికి వేరే డబ్బు లేదట. ఈసారి తేదీ ఆయన చేతే నోటుబుక్కులో రాయించుకున్నాను.